కొండ స్ట్రిప్పుల్లో మిషన్ విమానాలు: లోడు లెక్క, పీపాల ఇంధనం, ఇంజనీరు పని ఎలా ఉంటాయి?

కొత్త_బి1:
అందరికీ వందనాలు. నాకు డీజీసీఏ (మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చిన బి1.1 లైసెన్సు, అంటే టర్బైన్ విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరు లైసెన్సు ఉంది. ఇప్పటిదాకా ఎయిర్‌లైన్ లైన్ మెయింటెనెన్స్‌లోనే పని. పాపువా న్యూ గినీలో సెస్నా కారవాన్ విమానాలు నడిపే మిషన్ సంస్థకు దరఖాస్తు పెట్టే ఆలోచనలో ఉన్నాను. చర్చిలో చూపించే వీడియోల్లో పచ్చటి కొండలు, చేతులూపే పిల్లలు తప్ప పని ఎక్కడా కనిపించదు. నాకు కావలసింది ఆ పని సంగతే. ముఖ్యంగా మూడు ప్రశ్నలు. కారవాన్ టన్నుకు పైగా మోస్తుందంటారు కదా, మరి కొండ ఊళ్ళ నుంచి అయిదారు వందల కిలోలతోనే ఎందుకు లేస్తుంది? బయటి స్టేషన్లలో పీపాల నుంచి ఇంధనం పోసేటప్పుడు ఏం చూసుకోవాలి? విమానంలో ఎక్కువగా పాడయ్యేవి ఏవి? తెలిసిన అన్నలు వివరంగా రాస్తే మేలు.

కనుమ_కెప్టెన్:
లోడు సంగతి నేను రాస్తాను, స్పానర్ల సంగతి వేరేవాళ్ళు చెప్తారు.

ముందు ఆ దేశం ఎలా ఉంటుందో చూడు. రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి హైలాండ్స్‌కు రోడ్డే లేదు. సరుకు లాయే ఓడరేవులో దిగి, హైలాండ్స్ హైవే మీద మౌంట్ హేగెన్ చేరుతుంది. అక్కణ్ణుంచి లోపలి లోయలకు నడకైనా ఉండాలి, విమానమైనా ఉండాలి. మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ 1951 నుంచి అక్కడ ఎగురుతున్నది అందుకే. బైబిలు అనువాదకుల కోసం పెట్టిన ఎస్ఐఎల్ వాళ్ళ విమానాలు అయ్యూరా నుంచి ఎగురుతాయి. వాళ్ళవి కోడియాక్‌లు.

ఇప్పుడు లెక్క. పొట్టి కారవాన్, అంటే 208, గరిష్ఠ టేకాఫ్ బరువు 3,629 కిలోలు. ఖాళీ విమానం, పైలట్, వలలు, పట్టీలు, సర్వైవల్ పెట్టె అన్నీ కలిపి 2,200 అనుకుందాం. మిగిలింది 1,429. ఇంజన్ గంటకు సుమారు 165 కిలోలు తాగుతుంది. వెళ్ళి రావడానికి, రిజర్వుకు, మేఘాలు అడ్డొచ్చి చుట్టు తిరగాల్సివస్తే దానికి కలిపి 400 కిలోలు వేసుకుంటే హేగెన్‌లో 1,029 కిలోల సరుకు ఎక్కుతుంది. నువ్వు విన్న టన్ను ఇదే.

తిరుగు ప్రయాణంలో కథ మారుతుంది. స్ట్రిప్పు, అంటే ఊరి చిన్న రన్‌వే, 6,000 అడుగుల ఎత్తున ఉందనుకో. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 3 డిగ్రీలు. మధ్యాహ్నం 25 ఉంటే తేడా 22. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 2,640 కలుపు. విమానానికి అది 8,640 అడుగుల ఎత్తు కింద లెక్క. పొద్దున 14 డిగ్రీలప్పుడు అదే స్ట్రిప్పు 7,320. పలచటి గాలిలో ప్రొపెల్లర్ లాగేది తక్కువ, రెక్క ఎత్తేది తక్కువ. ఇంజన్‌లో టార్క్, అంటే తిప్పే బలం, గీత చేరకముందే ఐటీటీ, అంటే టర్బైన్ మధ్య వేడి, గీత దగ్గరికి వచ్చేస్తుంది. చార్టు ప్రకారం, గడ్డికీ తడికీ కోతలు వేశాక, పొడి పొద్దున 3,400 కిలోలకు అనుమతి వచ్చిందనుకో, తడి మధ్యాహ్నం 3,150కే రావచ్చు. ఇవి ఉదాహరణ అంకెలే, ప్రతి స్ట్రిప్పుకూ దాని పట్టిక వేరు. ట్యాంకులో 310 కిలోల ఇంధనం మిగిలి ఉంటే పొద్దున 890 కిలోలు వస్తాయి, మధ్యాహ్నం 640. తేడా 250 కిలోలు. అంటే నాలుగు కాఫీ బస్తాలు, లేదా ఒక కుటుంబం.

దిగడంలోనూ ఇదే పీడ. మీటరులో 75 నాట్లు చూపించినా 8,640 అడుగుల సాంద్రతలో అసలు వేగం 85 దాకా ఉంటుంది. వేగం 14 శాతం పెరిగితే ఆపాల్సిన శక్తి 30 శాతం పెరుగుతుంది. దాన్ని కాచేది వాలు. చాలా స్ట్రిప్పులు ఒకవైపు తలుపే: ఎగువకు దిగాలి, దిగువకు లేవాలి. 10 శాతం వాలు ఉందంటే బ్రేకు ముట్టుకోకముందే మంచి బ్రేకింగ్ దొరికినట్టు. కానీ పై కొసన కొండ ఉంటుంది కాబట్టి ఒక చోటు దాటాక తిరిగి లేవడం కుదరదు. ఆ చోటు ప్రతి స్ట్రిప్పుకూ ముందే నిర్ణయించి ఉంటుంది, పైలట్ దగ్గర ఫొటోతో సహా ఉంటుంది. వేగం, ఎత్తు, స్ట్రిప్పుతో వరస మూడూ అక్కడికి ముందే కుదరాలి, పందులూ మనుషులూ స్ట్రిప్పు మీద లేరని తేలాలి. ఏది కుదరకపోయినా ఆ చోటుకి ముందే పక్కకు తిరిగిపోవాలి. అందుకే కొత్త పైలట్‌ని లైసెన్సు చూసి వదలరు, శిక్షణ కెప్టెన్ పక్కన కూర్చుని స్ట్రిప్పుకు స్ట్రిప్పుకు విడివిడిగా చెక్ ఇస్తాడు.

ఇంకోటి. దిగాక బ్రేకు వేసి మధ్యలో ఆపకూడదు. 12 శాతం వాలు మీద, బురదలో ఆగిన విమానం మళ్ళీ పైకి కదలకపోవచ్చు. పవర్ పెట్టి పై కొసదాకా ఎక్కించి, వాలుకు అడ్డంగా తిప్పి, చక్రాలకు దిమ్మలు పెట్టాకే తలుపు తెరవాలి.

స్పానర్_బాబాయ్:
కెప్టెన్ గారు చెప్పినవాటిలో తూకం గురించి ఒక్క ముక్క కలుపుతా. అక్కడ ప్రామాణిక ప్రయాణికుడి బరువు అంటూ వేసుకోరు. ప్రతి మనిషినీ చేతిలో ఉన్నదానితో సహా కాటా ఎక్కిస్తారు. ఆడవాళ్ళు తలనుంచి వీపుకు వేలాడేసే అల్లిక సంచి, బిలుమ్, అందులో చిలగడదుంపలు ఉండొచ్చు, నిద్రపోతున్న పసిబిడ్డ ఉండొచ్చు. కాటా ఎక్కే ముందు దాన్ని పక్కావిడకు ఇచ్చి, దిగాక తీసుకుంటారు. మోసమేమీ కాదు, సంచిని ఒంట్లో భాగంగానే చూస్తారు వాళ్ళు. తూకం వేసేవాడి కళ్ళు కాటా ముల్లు మీద కాదు, బిలుమ్ మీద ఉండాలి.

లోడు పెట్టే వరస కూడా చెప్పాలి. కారవాన్ వెనక తలుపు పెద్దది కదా అని బస్తాలన్నీ అక్కడే దించేస్తే ముక్కు లేచి తోక నేలకు తగులుతుంది. తోక కింద స్టాండు పెట్టి, ముందునుంచి వెనక్కి నింపాలి, దించేటప్పుడు వెనకనుంచి ముందుకు. స్టాండు తీయకుండా స్టార్ట్ చేయకుండా దానికో ఎర్ర రిబ్బను కట్టు.

ఇక పాడయ్యేవి. తమ్ముడూ, ఎయిర్‌లైన్‌లో నువ్వు గంటలు లెక్కపెట్టావు, ఇక్కడ సైకిళ్ళు లెక్కపెట్టాలి, అంటే ఇంజన్ స్టార్టు చేసి, ఎగిరి, దిగి ఆపేదాకా ఒక చుట్టు. ఒక స్ట్రిప్పు నుంచి ఇంకోదానికి పది, పదిహేను నిమిషాల లెగ్గులు. ఒక్క రోజులో అన్నన్ని స్టార్టులు, అన్నన్ని ల్యాండింగులు. కారవాన్‌లో ఉండే పీటీ6 ఇంజన్‌లో టర్బైన్ డిస్కుల ఆయుష్షు సైకిళ్ళ మీదే ఉంటుంది కాబట్టి లాగ్ బుక్కులో స్టార్టు మర్చిపోతే అది పెద్ద తప్పు. స్టార్టర్ జనరేటర్ బ్రష్‌లు వేరేచోట కంటే తొందరగా అరుగుతాయి. వాటి కొలత ప్రతి షెడ్యూల్ తనిఖీలో రాసి, అరుగుదల వేగం చూసి ముందే మార్చు. బయటి స్టేషన్‌లో బ్రష్ అయిపోతే ఇంకో విమానం పంపాలి, అంటే ఇంకో లోయకి ఆరోజు మందులు వెళ్ళవు.

స్టార్టే ఇంజన్‌ని కాల్చేస్తుంది. బ్యాటరీ 24 వోల్టులకు తగ్గితే స్టార్టర్ ముట్టుకోవద్దు. ఎన్‌జీ, అంటే ఇంజన్ కంప్రెసర్ తిరిగే వేగం, 12 శాతం దాటి నిలకడగా ఉన్నాకే ఇంధనం వదలాలి. బలం లేని బ్యాటరీతో 10, 11 దగ్గర ఆగిపోయిన ఇంజన్‌కి ఇంధనం ఇస్తే గాలి చాలక మంట వెనక్కి నిలుస్తుంది. ఐటీటీ 1,090 డిగ్రీలు, అదీ రెండు సెకన్లే హద్దు. పైకి పోతోందని అనిపించిన క్షణమే ఇంధనం కట్, స్టార్టర్ మాత్రం తిరుగుతూనే ఉండాలి. మళ్ళీ ప్రయత్నానికీ హద్దుంది: 30 సెకన్లు తిప్పు, 60 ఆగు, మళ్ళీ 30, మళ్ళీ 60, మూడోసారి 30, ఆ తర్వాత అరగంట చల్లారాలి.

ప్రొపెల్లర్ సంగతి. గులకరాళ్ళ గాట్లు రోజూ పడతాయి. గోరు పెట్టి బ్లేడు ముందంచు వెంట తడిమితే తెలుస్తుంది. అడుగున పదునుగా ఉన్న గాటు దగ్గరే పగులు మొదలవుతుంది, అందుకే దాన్ని సన్నటి ఆకురాయితో బ్లేడు పొడవునా సాఫీగా దించాలి, అడ్డంగా రుద్దకూడదు. తర్వాత గరుకు కాగితంతో నునుపు చేసి, మాన్యువల్ చెప్పిన లోతు, వెడల్పు హద్దుల్లో ఉందో కొలిచి రాయాలి. హద్దు దాటితే ఆకురాయి పక్కన పెట్టి ప్రొపెల్లర్ దించు.

ఇందులో సగం పాపం పైలట్లదే. గులకమీద నిలబెట్టి ఫుల్ పవర్ పెట్టేవాళ్ళు, దిగాక విమానం ఆగేదాకా ప్రొపెల్లర్‌ని రివర్స్‌లో, అంటే వెనక్కి తోసేలా, పట్టుకునేవాళ్ళు. రివర్స్‌లో వేగం తగ్గేకొద్దీ రాళ్ళు ముందుకు ఎగిరి బ్లేడుకే వచ్చి తగుల్తాయి.

కనుమ_కెప్టెన్:
బాబాయ్ గారూ, రివర్స్ మాట నిజమే, ఒప్పుకుంటాను. అయితే తడి గడ్డి మీద, పొట్టి స్ట్రిప్పులో బ్రేకులు పట్టనప్పుడు ఉన్న ఆసరా అదొక్కటే. పొడి రోజున మాత్రం నడక వేగానికి ముందే వదిలేయాలి. అలాగే దుమ్ము, గడ్డి పరకలు ఉన్న చోట లోపలికి వచ్చే గాలిలోంచి చెత్తను వేరుచేసే ఇనర్షియల్ సెపరేటర్‌ను బైపాస్‌లో పెడితే రాళ్ళు ఇంజన్లోకి పోవు. కాకపోతే అప్పుడు పవర్ తగ్గుతుంది, ఐటీటీ పెరుగుతుంది. ఆ కోత వేయకుండా టేకాఫ్ లెక్క చేస్తే అంకె తప్పు వస్తుంది.

స్పానర్_బాబాయ్:
సరే, అది న్యాయమే. ఇంకా మిగిలినవి గబగబా: మెయిన్ టైర్లకు కోతలు, బ్రేకు కాలిపర్లలో ఎండిన బురద, ఫ్లాపుల కిందివైపు రాళ్ళ సొట్టలు, నోస్ గేర్ చుట్టుపక్కల పగుళ్ళు, కార్గో పాడ్ (పొట్ట కింది సరుకు పెట్టె) అడుగు గీతలు, క్యాబిన్ నేలలోని కొక్కేల పట్టాల్లో ఇరుక్కున్న మట్టి. మట్టిగూడు కట్టే కందిరీగలకు వేగం కొలిచే పీటో గొట్టం అంటే మహా ప్రీతి. చాయ్ తాగే పదినిమిషాలు ఆగినా కవరు తొడగాల్సిందే. ఇంధన ట్యాంకు వెంట్లు కూడా చూడు.

కంట్రోళ్ళ మీద పని చేస్తే రెండో మనిషి డూప్లికేట్ ఇన్‌స్పెక్షన్ చేయాలి. హేంగర్‌లో ఇద్దరే ఉన్నప్పుడు ఎవడి పని ఎవడు చూస్తాడో ముందే అనుకోండి. ఇద్దరూ కలిసి బిగిస్తే, తర్వాత చూడటానికి మూడోవాడు దొరకడు.

కొత్త_బి1:
అన్నా, బాబాయ్, చాలా థ్యాంక్స్. సైకిళ్ళ సంగతి నా బుర్రకు తట్టనే లేదు. పీపాల ఇంధనం గురించి ఎవరైనా? మా ఎయిర్‌పోర్టులో బౌజర్, అంటే ఇంధనం ట్యాంకరు, వస్తుంది, శాంపిల్ చూస్తాం, అంతే.

పీపాల_దొర:
ఇది నా లైన్. బౌజర్‌లో ఫిల్టర్ నీ పని చేసిపెడుతుంది, పీపా దగ్గర ఆ ఫిల్టరు నువ్వే.

200 లీటర్ల జెట్ ఎ-1 పీపా అంటే 160 కిలోల ఇంధనం, ఉక్కు బరువు మరో 20. కారవాన్‌కి ఇంచుమించు గంట ప్రయాణం. అంటే లోపలి స్టేషన్‌కి ఒక పీపా చేర్చాలంటే 180 కిలోల సరుకు వదులుకోవాలి, అదీ ప్రయాణికులు లేకుండా. కాబట్టి ఎక్కడ ఇంధనం నిలవ పెట్టాలన్నది పెద్ద నిర్ణయం.

నిలవ: పీపాను నిటారుగా ఎండలో పెడితే మూత పైన వాననీరు నిలుస్తుంది, రాత్రి చల్లబడి లోపలి గాలి కుంచించుకున్నప్పుడు ఆ నీళ్ళను మూత సందులోంచి లోపలికి పీల్చేస్తుంది. గట్టిగా బిగించిన మూత కూడా తడి పీలుస్తుంది. పడుకోబెట్టి, రెండు మూతలూ గడియారంలో మూడు, తొమ్మిది చోట్లలో ఉండేలా పెడితే లోపల ఇంధనం మూతలకు ఆనుకుని ఉండి, గాలి పీల్చదు. నీడ, కప్పు, కింద దుంగలు ఉండాలి. పాత పీపాలు ముందు వాడాలి, అందుకే నింపిన తేదీ, బ్యాచ్ నంబరు కనబడేలా బయటి వైపుకు తిప్పి పేర్చు.

పోసే ముందు పీపాను లేపి కొంచెం ఏటవాలుగా నిలబెట్టు, నీరూ మట్టీ ఒక మూలకు చేరాలి. పంపు గొట్టం ఆ మూలకు ఎదురు పక్కన దిగాలి, అడుగునుంచి నాలుగైదు సెంటీమీటర్లు పైన ఆగాలి. అడుగు ఇంధనం ఆశపడి లాగకు, అది దీపాలకో, పనిముట్లు కడగటానికో పనికొస్తుంది. పేరుకోవడానికి టైము ఇవ్వాలి. పెట్రోలు తరహా ఇంధనంలో నీరు అడుగు లోతుకు పావుగంటలో దిగుతుంది, జెట్ ఇంధనంలో అడుగుకు గంట. పీపా దాదాపు మూడు అడుగులు. అంటే రాత్రే లేపి పెట్టి పొద్దున తోడుకోవాలి. పైలట్ వచ్చాక లేపడం తప్పు.

సీలు చూడు. లేబులు చదువు, వాసన చూడు, స్పష్టమైన గాజు సీసాలో పట్టి వెలుతురుకు పెట్టు. రంగు లేకుండా, లేదా ఎండు గడ్డి రంగులో, మెరుస్తూ ఉండాలి. తర్వాత అయిదు మిల్లీలీటర్లు సిరంజితో నీటి గుర్తింపు క్యాప్సూల్ గుండా లాగు. క్యాప్సూల్ పసుపు రంగు ఆకుపచ్చకు మారితే ఆ పీపా వద్దు. క్యాప్సూల్ గడువు తేదీ, మూత బిగింపు ముందే చూడు. తేమ తగిలిన క్యాప్సూల్ ముందే మారిపోయి ఉంటుంది, కొత్తవాళ్ళు అది చూసి మంచి పీపాని కూడా వాపసు పెడతారు.

తీగ కలపడం: మొదట పీపా నుంచి విమానానికి బాండింగ్ తీగ, తర్వాతే ట్యాంకు మూత తెరవడం. పోయడం అయ్యాక మూత మూసి, ఆ తర్వాత తీగ విప్పడం. ప్లాస్టిక్ డబ్బాలతో, ప్లాస్టిక్ గరాటుతో జెట్ పోయకు, పోసేటప్పుడు రాపిడికి పుట్టే కరెంటు తీగకు పోదు. వాన పడుతుంటే రెక్క మీద గొడుగు పట్టుకుని పోయడం చూస్తాం, అది గొడుగు సరిపోయేంత వానకే.

పోశాక పది నిమిషాలాగి ట్యాంకు అడుగు డ్రెయిన్లు అన్నీ తీయాలి. నీరూ ఇంధనమూ కలిసే గీత దగ్గర ఫంగస్ పెరుగుతుంది, గోధుమ రంగు జిగురులా ఉంటుంది. గుడ్డ ముక్కలా తేలితే అది ఫిల్టరును మూసేసే సరుకు.

రేడియో_గది:
అందరూ విమానం చుట్టూ తిరుగుతున్నారు. రేడియో పక్క ఎవరో రాయాలి కదా, నేను రాస్తున్నా.

పొద్దునే హెచ్‌ఎఫ్ రేడియోలో ఊరి ఏజెంట్లతో మాట్లాడటంతో రోజు మొదలవుతుంది. అడగాల్సినవి తక్కువే గానీ, ‘వాతావరణం బాగుందా’ అని అడగకూడదు. అందరూ బాగుందనే అంటారు, విమానం రావాలిగా. ‘కనుమ పక్కనున్న శిఖరం కనబడుతోందా? మేఘం ఎక్కడిదాకా దిగింది? గడ్డి ఎప్పుడు కోశారు? రాత్రి వాన పడ్డదా? మడమ దిగబడుతోందా?’ ఇలా అడగాలి. మధ్యాహ్నానికి కొండల మీద మేఘాలు కూడుకుంటాయి కాబట్టి దూరపు కష్టమైన స్ట్రిప్పులు పొద్దునే, దగ్గరివి తర్వాత పెడతారు. చీకటి విషయంలో భూమధ్యరేఖ దగ్గర ఉన్నామని మర్చిపోకు, సంధ్య చాలా తక్కువసేపు. బేసుకు తిరిగివచ్చే వేళ దాన్ని బట్టే రాస్తారు.

పైలట్ ప్రతి టేకాఫ్, ల్యాండింగ్, తర్వాత వచ్చే స్ట్రిప్పు, అంచనా సమయం చెప్తాడు. బల్ల మీద పలకలో గీత గీసుకోవాలి. ఉపగ్రహ ట్రాకర్ తెరమీద చుక్క కదులుతున్నా గొంతు విన్నాకే సంతకం. రావలసిన సమాచారం రాక అరగంట దాటితే అంతర్జాతీయ నియమం ప్రకారం ‘అనిశ్చిత’ దశ మొదలైనట్టే, కానీ ఇక్కడ అంతదాకా ఆగరు. నిమిషం దాటగానే పిలవడం, పక్క విమానాలను అడగడం, ఆ ఊరి రేడియోను లేపడం మొదలవుతాయి. ఏజెంటు ‘బలుస్ (విమానం) పోయింది’ అంటే ఏ దిక్కుకు, ఏ వేళకు అని అడుగు. పోయిందన్న మాట ఒక్కటీ పనికిరాదు.

మెడివాక్, అంటే రోగిని తరలించాలన్న పిలుపు, వస్తే పైలట్‌కు చేరాల్సిన వివరాలు వేరు. రోగి పడుకోవాలా, కూర్చుంటుందా, ఎవరు వెంట వస్తున్నారు, బరువు ఎంత, రక్తం పోతోందా, ఛాతీకి దెబ్బనా. కారవాన్ లోపల ఒత్తిడి పెంచే ఏర్పాటు లేదు. ఛాతీలో గాలి చిక్కినవాళ్ళను 10,000 అడుగుల కనుమ దాటిస్తే ఆ గాలి వ్యాకోచించి ఊపిరి ఆడదు. డాక్టరుతో మాట్లాడి తక్కువ ఎత్తు దారి ఉందేమో చూడాలి, ఆక్సిజన్ పెట్టాలి. స్ట్రెచర్ రెండుమూడు సీట్ల చోటు తింటుంది, ఆ సీట్లు విప్పి బరువుల లెక్క మళ్ళీ వేయాలి. అంతదాకా లోడు చేసిన కాఫీ బస్తాలు దిగిపోతాయి. బస్తాల యజమాని అక్కడే నిలబడి ఉంటాడు, తర్వాతి ఫ్లైట్ తేదీ చెప్పకుండా దించకు.

కొత్త_బి1:
రేడియో అన్నా, ఇది అసలు ఊహించలేదు. ఒక అనుమానం. ఊరి పెద్దో, పాస్టరో ‘ఒక్కడే కదా, చిన్నవాడు’ అంటే ఏం చేస్తారు?

కనుమ_కెప్టెన్:
తూకం చీటీ చూపించడమే. లెక్క కాగితం మీద ఉంటే వాదన మనిషితో కాదు, అంకెతో. ఏజెంట్ల చేత బరువు హద్దుల పట్టిక ముందే గోడకు అంటించి పెడితే సగం గొడవ రాదు: ‘పొడి పొద్దున ఇంత, తడి మధ్యాహ్నం ఇంత.’ నిజంగా తప్పనిసరైతే ఇంధనం కొంచెం తగ్గించుకునే ఏర్పాటు బేసులోనే చేయాలి, స్ట్రిప్పు దగ్గర కాదు. దగ్గర్లో పొడుగాటి స్ట్రిప్పు ఉంటే రెండు విడతలుగా అక్కడికి దించి, అందరినీ కలిపి అక్కణ్ణుంచి తీసుకుపోవచ్చు. ఇది తరచూ చేసేదే.

నీటి_రెక్కలు:
మన పక్కనే ఉన్న బంగ్లాదేశ్‌లోనూ మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ వాళ్ళు కారవాన్ నడిపారు, చక్రాలతోపాటు తేలే తొట్లు ఉన్న ఉభయచర విమానం. కొండలు నచ్చనివాళ్ళు ఆ తరహా పని చూడండి. ఆ పనిలో ఇంజనీరు రోజు తొట్ల అరల్లో నీళ్ళు చేతిపంపుతో తోడటంతో మొదలవుతుంది. ప్రతి అర నుంచి ఎన్ని తోడులు వచ్చాయో రాయాలి, ఒకదానిలో లెక్క పెరుగుతుంటే సీలో, రివెటో కారుతోందని అర్థం. ఉప్పునీరు, ఒండ్రు ఉన్న చోట దిగిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడగాలి, కంప్రెసర్ కూడా. అన్నిటికంటే ప్రమాదకరమైనది నీటిమీద చక్రాలు దించి దిగడం. చక్రాలు నీటిని తాకగానే ముక్కు కిందికి లాగి విమానం బోర్లా పడుతుంది. అందుకే ల్యాండింగ్‌కి ముందు ‘నీళ్ళు, చక్రాలు పైకి’, ‘రన్‌వే, చక్రాలు కిందికి’ అని నోటితో పలుకుతారు, లైట్లను వేలితో చూపిస్తారు.

స్పానర్_బాబాయ్:
ఇంకొక్కటి చెప్పి ముగిస్తా. దరఖాస్తు పెట్టేముందు తెలుసుకోవాల్సినవి. డీజీసీఏ లైసెన్సు అక్కడ నేరుగా చెల్లదు, పాపువా న్యూ గినీ పౌర విమానయాన అధికారుల దగ్గర గుర్తింపు చేయించుకోవాలి. అమెరికన్ మిషన్లు చాలాకాలం పైలట్, మెకానిక్ ఇద్దరూ ఒక్క మనిషే కావాలనేవి. స్పోకేన్‌లో మూడీ ఏవియేషన్, టెక్సాస్‌లో లెటర్నో యూనివర్సిటీ ఆ తరహా చదువు చెప్పేవే. ఇంజనీరుగా మాత్రమే వెళ్ళేవాళ్ళకూ చోటు ఉంటుంది. జీతం అనేది చాలా చోట్ల నీ చర్చిలు, స్నేహితులు మద్దతుగా పంపేదే. ఎంత వచ్చేదాకా బయలుదేరనివ్వరో సంస్థను అడుగు.

సామాన్లలో తీసుకుపోవలసినవి: క్యాలిబ్రేషన్ పత్రంతో సహా చిన్న టార్క్ రెంచి, 0.032 అంగుళాల సేఫ్టీ వైరు, వైరు పట్టకారు, తలకు కట్టుకునే దీపం, అద్దం, సన్నటి ఆకురాళ్ళ సెట్టు. సేఫ్టీ వైరు అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు ఉండాలి, బోల్టు వదులైతే తీగ బిగిసే దిక్కులో. ఇంట్లో పాత బోల్టుల మీద వారం రోజులు అలవాటు చెయ్యి, ఎయిర్‌లైన్లో అందరం కొంచెం మర్చిపోతాం.

కొత్త_బి1:
అందరికీ వందనాలు. మూడీ, లెటర్నో గురించి చూస్తాను. పీపాల_దొర గారూ, క్యాప్సూల్స్ అక్కడ దొరుకుతాయా, ఇక్కడినుంచి కొనుక్కుని పోవాలా?

పీపాల_దొర:
సంస్థే తెప్పిస్తుంది, నువ్వు కొనక్కర్లేదు. సిరంజిలు మాత్రం ఒక డజను పట్టుకెళ్ళు. జెట్ ఇంధనానికి రబ్బరు పిస్టన్ ఉబ్బిపోయి ఇరుక్కుంటుంది, రబ్బరు లేనివి వెతికి తీసుకో.